స్కూల్ లైబ్రరీలో చిన్నపిల్లలకి కావాల్సిన పుస్తకం దొరకాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో ఒక బడిలో లైబ్రేరియన్‌ని. యూకేజీ నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు నా దగ్గరికి వస్తారు. ప్రతి జూన్‌లో బడి తెరవగానే కొత్త టీచర్లూ, వారానికి ఒకపూట సాయానికి వచ్చే అమ్మానాన్నలూ అవే ప్రశ్నలు అడుగుతారు, నేను అవే జవాబులు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుంటున్నాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

ఎదురుగా ఇన్ని పుస్తకాలుంటే పిల్లలకి ఒక్కటీ కనిపించదేంటి?

ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని మీ లైబ్రరీ చూడండి, నేను నిజంగానే చెప్తున్నా. ఒకటో తరగతి పిల్ల కంటికి ఆనేది కింది రెండు మూడు అరలే. మనం అక్కడ ఏం పెడతాం? బరువని ఎన్‌సైక్లోపీడియాలు. పైగా పుస్తకాలన్నీ నిలువుగా సర్దుతాం, కాబట్టి బయటికి కనిపించేది వేలెడు వెడల్పు వెన్ను ఒక్కటే, దాని మీద పేరు అడ్డంగా తిరిగి ఉంటుంది, మెడ వంచి చదవాలి. ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లకి తిప్పి రాసిన అక్షరం ఇంకో అక్షరంతో సమానం. పైగా మనం పుస్తకాలు సర్దే పద్ధతి వేరు, పిల్లలు అడిగే పద్ధతి వేరు. "పోయిన వారం ఆ అక్క పట్టుకుంది కదా, నీలం రంగుది" అని అడిగే వాళ్ళకి రచయిత ఇంటిపేరు వరసలో సర్దిన అర ఎందుకు పనికొస్తుంది చెప్పండి.

పిల్లలు వచ్చి "మంచి బుక్ ఇవ్వండి" అంటే ఏం చేయాలి?

వెంటనే లేచి ఒకటి తీసి చేతిలో పెట్టేయకండి. అది సులువే, మీకూ పని అయిపోతుంది, కానీ వచ్చే వారం ఆ పిల్లాడు మళ్ళీ మీ ముందుకే వచ్చి నిలబడతాడు.

"ఎలాంటి పుస్తకం కావాలి?" అని కూడా అడగొద్దు. అది పెద్దవాళ్ళ ప్రశ్న. ఏడేళ్ళ పిల్లల దగ్గర దానికి జవాబు ఉండదు, "కథల బుక్" అని ఊరుకుంటారు. నేను అడిగేవి చిన్న చిన్నవి: నవ్వు రావాలా, కొంచెం భయం వేయాలా? జంతువులుండాలా, మనుషులా, బండ్లా? నువ్వే చదువుకుంటావా, ఇంట్లో నానమ్మ చదివి వినిపిస్తుందా? చివరిది చాలా ముఖ్యం. వినిపించడానికి తీసుకెళ్ళే పుస్తకం పిల్లాడి చదువు కంటే రెండు మెట్లు పైనున్నా ఫర్వాలేదు.

పిల్లలు వాడిన మాటని మనం విన్నట్టే ఉంటాం గానీ వినం. ఒకసారి రెండో తరగతి పిల్లాడొకడు "మేడం, పండ్ల బుక్ గావాలె" అన్నాడు. మామిడి, జామ, సీతాఫలం బొమ్మలున్న పుస్తకం ఇచ్చాను. వాడు దాన్ని తిప్పి చూసి, ఏడుపు మొహం పెట్టి, "ఇది గాదు, నీళ్ళల్ల ఉంటది, పెద్ద పెద్ద పండ్లుంటయ్" అన్నాడు. మొసలి! వాడికి కావాల్సింది పళ్ళున్న మొసలి. నేను కోస్తా జిల్లా నుంచి వచ్చినదాన్ని, తెలంగాణలో దంతాల్ని కూడా పండ్లనే అంటారని తెలిసి కూడా ఆ క్షణాన తట్టలేదు. అప్పట్నుంచి తొందరపడకుండా "అందులో ఏం జరుగుతుంది బేటా, చూపించు" అంటాను. చేతులతో చూపిస్తారు, మొహంతో చూపిస్తారు, ఒక్కోసారి కింద పడుకుని కూడా చూపిస్తారు.

అంటే పుస్తకం తీసివ్వకూడదా?

దారి చూపించండి, అర దాకా కలిసి నడవండి, ఆ అరలో రెండు మూడు వైపులకి వేలు చూపండి, పుస్తకం మాత్రం పిల్లల చెయ్యే లాగాలి. దీనికి టైం పడుతుంది, నాకూ ఓపిక నశిస్తుంది కొన్నిసార్లు. కానీ తను లాగిన పుస్తకం ఎక్కడిదో పిల్లలకి గుర్తుంటుంది, వచ్చే వారం నేరుగా అక్కడికే పరిగెడతారు, పక్కన ఉన్న స్నేహితుణ్ణి కూడా లాక్కుపోతారు.

చిన్న క్లాసులకి డ్యూయీ నంబర్లు నేర్పాలా?

ఒకటి, రెండు తరగతులకి వద్దు. మూడు నుంచి మెల్లగా మొదలుపెట్టొచ్చు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో తయారుచేసిన పద్ధతి ఇది. లోకంలోని విషయాలన్నిటినీ 000 నుంచి 999 దాకా పది పెద్ద గదుల్లో సర్దేశాడు. 500లు సైన్స్, 700లు కళలూ ఆటలూ, 800లు సాహిత్యం, 900లు చరిత్ర, భూగోళం, ఇలా. పిల్లలకి నేను దీన్ని సిటీ బస్సులతో చెప్తాను. కోఠిలో నిలబడి కొండాపూర్ వెళ్ళాలంటే 127కే ఎక్కుతాం, సికింద్రాబాద్ నుంచైతే 10హెచ్. నంబరూ అక్షరమూ రెండూ చూసుకోకపోతే ఇంకెక్కడో తేలతాం. పుస్తకం వెన్ను మీద స్టిక్కరూ అంతే, పైన నంబరు, కింద అక్షరం. ఈ ముక్క చెప్పాక మూడో తరగతిలో చాలామంది మళ్ళీ అడగలేదు.

చుక్క దగ్గరే అందరూ పడిపోతారు. 398.2 ముందా, 398.15 ముందా? పిల్లలకి పదిహేను పెద్దది, రెండు చిన్నది, అందుకే 398.2 ముందు అంటారు. దశాంశాలు లెక్కల్లో వచ్చేదే నాలుగు, ఐదు తరగతుల్లో, వాళ్ళ తప్పేం లేదు. నేను రూపాయలు పైసల్లో చెప్తాను: చుక్క రెండంటే ఇరవై పైసలు, చుక్క పదిహేనంటే పదిహేను పైసలే, తక్కువది ముందు. ఇప్పటి పిల్లలు పైసలు చూడలేదు కదా అని మీరు అడుగుతారని తెలుసు. పెట్రోల్ బంకులో మీటరు చూశారు, అది చాలు.

పిల్లలు ఎక్కువగా అడిగే నంబర్లు ఏవి?

మా దగ్గర డైనోసార్లు మొదటి స్థానం, 567.9. తర్వాత క్రికెట్, 796.358. గ్రహాలు 523 దగ్గర, కామిక్స్ 741.5 దగ్గర, జానపద కథలు 398.2లో. ఈ ఐదింటికీ పెద్ద బొమ్మలు గీయించి అరల మీద అంటించండి, సగం రద్దీ తగ్గుతుంది.

కానీ డ్యూయీ సర్దుడు పిల్లల బుర్రకి ఎక్కని చోట్లు కొన్నున్నాయి, వాటికి ముందే సిద్ధంగా ఉండండి. పులి 599లో ఉంటుంది, దాని చుట్టం పిల్లి 636.8లో, ఎందుకంటే పిల్లీ కుక్కా మనం పెంచుకునేవి కాబట్టి పశుపోషణతో పాటు వ్యవసాయం పక్కన కూర్చున్నాయి. రైలు ప్రయాణ సాధనంగా 385లో ఉంటే, పట్టాలూ ఇంజనీరింగూ 625లో. ఇక రామాయణం 294.5922, భారతం 294.5923, అంటే మతం గదిలో. మన పిల్లలకి అవి కథలు, "హనుమంతుడి కథ" అని కథల అర దగ్గరే వెతుకుతారు. నేను బొమ్మల రామాయణాలన్నీ జానపద కథల పక్కకి మార్చేశాను. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళు కొందరు మొహం చిట్లించారు, చిట్లించనివ్వండి. పెద్ద క్లాసుల లైబ్రరీలో నంబరు ప్రకారమే ఉంటాయి.

తెలుగు పుస్తకాలు ఏ వరసలో పెట్టాలి? అకారాదిగా పెడితే పిల్లలు తికమక పడుతున్నారు.

పడతారు. దీని గురించి ఎవరూ సరిగ్గా రాయరు, ఎందుకంటే లైబ్రరీ పాఠాలన్నీ ఇంగ్లీష్ పుస్తకాల్ని మనసులో పెట్టుకుని చెప్పినవే.

మొదట, చిన్నపిల్లల తెలుగు పుస్తకాలు రచయిత పేరుతో సర్దొద్దు. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ పెద్దవాళ్ళకే తెగదు. ఒకే మనిషి ఒక అట్ట మీద పూర్తి ఇంటిపేరుతో, ఇంకో అట్ట మీద పొడి అక్షరంతో, మూడోదాని మీద ఇంటిపేరే లేకుండా కనిపిస్తారు. పిల్లలు రచయితని గుర్తుపెట్టుకోరు కూడా. పుస్తకం పేరులో మొదటి అక్షరం చాలు. అదీ ఒక్క అక్షరమే, గుణింతం దాకా వెళ్ళొద్దు, క కా కి కీ అన్నీ ఒకటే పెట్టెలో.

రెండోది, శ ష స విడివిడిగా పెట్టకండి. నోట్లో మూడూ ఇంచుమించు ఒకేలా పలుకుతున్నాం, "సీత" ఎక్కడ, "శివ" ఎక్కడ, "షికారు" ఎక్కడ అని పిల్లల్ని పరీక్ష పెట్టడానికి ఇది తెలుగు పీరియడ్ కాదు. మూడూ కలిపి ఒక పెట్టె. క్ష విషయం కూడా చూసుకోండి: వర్ణమాల అప్పజెప్పేటప్పుడు క్ష చివర్న వస్తుంది కాబట్టి పిల్లలు అరల చివరికి పరిగెడతారు, నిఘంటువులో మాత్రం అది క కింద ఉంటుంది. నేను పిల్లల పక్షమే, చివర్న పెట్టాను.

మూడోది అనుభవం మీద తెలిసింది. పిల్లల పుస్తకాల పేర్లలో "మా", "నా", "ఒక", "అనగనగా" ఎన్నో. మ పెట్టె నిండి పొర్లుతుంటే, ఝ పెట్టె అయితే మొత్తం ఖాళీ. కాబట్టి అక్షరానికో పెట్టె అని కొనేయకుండా ముందు మీ దగ్గరున్న పుస్తకాలు నేల మీద పరిచి కుప్పలు వేసి చూడండి. మాకు పదకొండు పెట్టెలు సరిపోయాయి. వాటి పైన గోడకి అ నుంచి ఱ దాకా పొడుగ్గా ఒక కాగితం పట్టీ అంటించాం, ఎందుకంటే ఇంగ్లీష్ మీడియం పిల్లల్లో చాలామందికి ఎ బి సి డి వరస నోటికొచ్చు గానీ ట తర్వాత త వస్తుందో ప వస్తుందో ఆగి ఆలోచించాలి. వాళ్ళు ఆ పట్టీ మీద వేలు పెట్టి నడుచుకుంటూ వెళ్తారు, చూడ్డానికి భలే ఉంటుంది.

సన్నటి పుస్తకాలకి వెన్నే లేదు, పేరెక్కడ రాయాలి?

తెలుగు బొమ్మల పుస్తకాలు ఎక్కువగా పదహారు, ఇరవై నాలుగు పేజీలవి, మధ్యలో రెండు పిన్నులు కొట్టి ఉంటాయి. అరలో నిలబెడితే ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, కొన్నాళ్ళకి వంగిపోతాయి. వాటిని అరలో పెట్టొద్దు. బేగంబజార్‌లో దొరికే ప్లాస్టిక్ బుట్టలు కొని, అట్ట ఎదురుగా కనిపించేలా, పాత ఇరానీ హోటళ్ళ ముందు క్యాసెట్లు అమ్మినట్టు నిలబెట్టండి, పిల్లలు వేళ్ళతో ఒక్కోటీ ముందుకి వంచి చూసుకుంటారు. బుట్టలో ముప్పై మించితే వేళ్ళు దూరవు. ఇంకా చవగ్గా కావాలంటే కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. తాడు ఎత్తు మాత్రం యూకేజీ పిల్లలకి అందాలి. వాళ్ళకి అందనంత ఎత్తులో కట్టిన తాళ్ళు చాలా బడుల్లో చూశాను, తనిఖీ వాళ్ళు ఫొటోలు తీసుకోవడానికి పనికొస్తాయి.

రంగుల స్టిక్కర్లు వేయొచ్చా?

విషయానికి వేయండి, స్థాయికి మాత్రం ఆలోచించి వేయండి. జంతువులకి ఆకుపచ్చ, ఆటలకి ఎరుపు అంటే ఇబ్బంది లేదు. రంగుతో పాటు చిన్న బొమ్మ కూడా ఉండాలి, ఎందుకంటే మగపిల్లల్లో కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

"పసుపు పుస్తకాలు చదవడం రానివాళ్ళకి, నీలం తెలివైనవాళ్ళకి" అన్న అర్థం వచ్చిందంటే మాత్రం పని చెడిపోయినట్టే. నేను ఇదివరకు పనిచేసిన ఒక బడిలో అలాగే జరిగింది. మూడో తరగతి పిల్లలు చదవలేని నీలం పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్ళు, పసుపు అర దగ్గర నిలబడితే పక్కవాళ్ళు నవ్వుతారని. ఒకమ్మాయి పసుపు పుస్తకాన్ని నీలం పుస్తకంలో దాచి చదవడం చూశాక నాకు ఆ స్టిక్కర్లన్నీ గోటితో గీకేయాలనిపించింది. గీకేశాను కూడా, తర్వాత మాటలు పడ్డాను.

మరి పిల్లలకి తగిన పుస్తకం అని ఎలా తెలుస్తుంది?

ఇంగ్లీష్ పుస్తకాలకి ఐదు వేళ్ళ పద్ధతి ఉంది. ఏదో ఒక పేజీ తెరిచి చదువుతూ, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, పేజీ అయ్యేలోపు ఐదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. రెండో మూడో ముడుచుకుంటే సరిగ్గా ఉంది.

తెలుగుకి ఇది అలాగే అతికించడం కుదరదు. మన పిల్లలకి మాట అర్థం తెలిసే ఉంటుంది, చదవడమే కష్టం, వత్తుల దగ్గర బండి ఆగుతుంది. "శాస్త్రవేత్త" అంటే ఎవరో వాళ్ళకి తెలుసు, ఆ అక్షరాల గుట్ట ఎక్కడమే రాదు. అందుకని నేను పేజీలో వత్తులు చూస్తాను. వత్తుల్లేని సరళ పదాలే ఉంటే మొదటి మెట్టు. అమ్మ, అక్క, పిల్లి లాంటి ద్విత్వాలు, అంటే హల్లుకి దాని వత్తే ఉన్నవి, రెండో మెట్టు. పద్యం, చంద్రుడు లాంటి సంయుక్తాక్షరాలు మూడోది. ఒకే అక్షరానికి రెండు వత్తులు తగిలిన స్త్రీ, శాస్త్రం వస్తే నాలుగోది. ఒక పేజీ అలా కళ్ళతో తడిమితే పది సెకన్లలో తెలిసిపోతుంది, అట్ట మీద "6–8 ఏళ్ళు" అని వేసినదాని కంటే ఇది నమ్మకం.

వీటికి తోడు అక్షరం సైజు, పేజీలో ఎన్ని లైన్లు అన్నది కూడా. ఒకటో తరగతికి పేజీకి రెండు మూడు లైన్లు దాటితే పిల్లలు బొమ్మ చూసి పేజీ తిప్పేస్తారు.

పిల్లాడు మోయలేనంత లావు పుస్తకమే కావాలంటున్నాడు. ఇవ్వాలా?

ఇవ్వండి. దాంతో పాటు సన్నది ఇంకోటి ఇవ్వండి. లావుది అన్నయ్యకి చూపించడానికి, సన్నది చదువుకోవడానికి.

వారం వారం అదే పుస్తకం తీసుకుంటోంది మా అమ్మాయి.

తీసుకోనివ్వండి. మీరు ఒకే పాట ఎన్నిసార్లు వింటారు?

కంప్యూటర్‌లో వెతికితే పుస్తకం లేదంటుంది, అరలో చూస్తే ఉంది. ఎందుకిలా?

తొంభై శాతం స్పెల్లింగ్ వల్ల, ఇది నా లెక్క, ఎవరూ కొలవలేదు. తెలుగు పుస్తకాల పేర్లని ఇంగ్లీష్ అక్షరాల్లో ఎక్కించిన కేటలాగులు మన దగ్గర చాలా ఉన్నాయి. ఏనుగుని ఒకరు ఇ తో మొదలుపెడతారు, ఇంకొకరు వై తో, మరొకరు ఎ ఇ కలిపి. సీతకి ఒక్కోరు ఒక్కోలా, లక్ష్మికి ఎక్స్ పెట్టేవాళ్ళున్నారు. పిల్లలు ఇంకో రకంగా కొడతారు. కలవవు.

మందు ఒకటే, పేర్లు తెలుగు లిపిలో ఎక్కించడం. ఇప్పుడు లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు తెలుగు తీసుకుంటాయి. న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా అనేది ఉచితమే, మావోరీ భాషలో ఆ మాటకి కానుక అని అర్థం. తెలుగు టైపింగ్ రాదన్న భయం అక్కర్లేదు, ఫోన్‌లో కీబోర్డు మార్చుకుని కొట్టేవాళ్ళు ప్రతి స్టాఫ్ రూంలోనూ ఉన్నారు. ఎక్కించేటప్పుడు పిల్లలు వాడే మాటని కూడా పక్కన చేర్చండి. అట్ట మీద "ఎలుగుబంటి" అని ఉంటుంది, మా పిల్లలు "గుడ్డెలుగు" అని వెతుకుతారు. రెండు మాటలూ ఉంటేనే దొరుకుతుంది.

అయినా సరే, మూడో తరగతి లోపు పిల్లల్ని కంప్యూటర్ దగ్గరికి పంపకండి. అక్కడ పది నిమిషాలు గడిచిపోతాయి, అరల దగ్గర కాళ్ళు పెట్టినట్టే ఉండదు.

మా పిల్లలు ఇంగ్లీష్ పుస్తకాలే తీస్తారు, తెలుగు ముట్టుకోరు.

తెలంగాణలో 2018 చట్టం తర్వాత ఏ సిలబస్ బడిలోనైనా ఒకటి నుంచి పది దాకా తెలుగు చెప్పాల్సిందే, కాబట్టి అక్షరాలైతే వస్తున్నాయి. రానిది అలవాటు. నేను చేసిన పని ఏంటంటే, తెలుగు అర అని ఒక మూల పెట్టడం మానేసి, ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ ఉంటే రెండూ ఒకే బుట్టలో వీపుకి వీపు పెట్టాను. పిల్లలు ఇంగ్లీష్‌ది చదివేసి, కథ తెలుసు కాబట్టి తెలుగుది ధైర్యంగా తెరుస్తారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఒకే కథ ఎన్నో భాషల్లో ఉచితంగా ఉంటుంది, నాలుగు స్థాయిలుగా విడదీసి. కావాల్సినవి దించుకుని ప్రింట్ తీసి పిన్ను కొట్టుకోవచ్చు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకీ అదే బుట్ట పనికొస్తుంది. ఒక జాగ్రత్త: ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది. తెలియని వాలంటీర్లు స్టిక్కరు తీసుకెళ్ళి వెనక అట్టకి అంటించి, బుట్టలో వెనక్కి తిప్పి పెడుతుంటారు, పిల్లలు వచ్చి నవ్వుకుంటూ సరిచేస్తారు.

నలభై మంది, ముప్పై ఐదు నిమిషాల పీరియడ్. ఇదంతా ఎప్పుడు చేస్తాం?

నిజమే, అందరూ ఒక్కసారి లేస్తే కూకట్‌పల్లి రైతుబజార్ అవుతుంది. నేను ఎనిమిదేసి మందిని ఐదు జట్లు చేస్తాను. ఒక జట్టు అరల దగ్గర ఉంటే మిగతావాళ్ళు నేల మీద కూర్చుని పాత పుస్తకాలు తిరగేస్తారు, లేదా నేనో టీచరో కథ చదువుతుంటాం. జట్టుకి ఐదు నిమిషాలు. తేలకపోతే చివర్న మళ్ళీ రావచ్చు, కంగారు పెట్టను.

ప్రతి ఒక్కరి చేతిలో ఒక అట్టముక్క ఉంటుంది, పెళ్ళి శుభలేఖల్ని నిలువుగా కోసినవి. పుస్తకం లాగినచోట అది దూర్చాలి. నచ్చకపోతే పుస్తకం అక్కడే పెట్టేసి ముక్క తీసుకోవచ్చు. దీంతో అడ్డదిడ్డంగా తోసేయడం చాలావరకు తగ్గింది. శుభలేఖలు ఎందుకంటే మందంగా ఉంటాయి, పైగా ఏ ఇంట్లోనైనా కట్టలకొద్దీ దొరుకుతాయి, వినాయకుడి బొమ్మ ఉన్న ముక్క కోసం మాత్రం కొట్లాట జరుగుతుంది.

ముక్క పెట్టడం మర్చిపోతే?

తెలిసీ తెలియక అరలో దూర్చొద్దు, బల్ల మీద పెట్టేయమనండి. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. సర్దేది మనం, సాయంత్రం.

యూకేజీ పిల్లలకి అక్షరాలే రావు, వాళ్ళు ఏం వెతుకుతారు?

అట్టలు వెతుకుతారు, బాగానే వెతుకుతారు. ఏనుగు బుట్ట, బస్సు బుట్ట, అమ్మానాన్న బుట్ట, దయ్యాల బుట్ట అని బొమ్మ పెట్టండి చాలు. దయ్యాల బుట్ట వద్దని టీచర్లు అంటారు. ముందు ఖాళీ అయ్యేది అదే.

నడవలేని పిల్లలు చక్రాల కుర్చీలో వస్తే అరల మధ్య కనీసం మూడడుగులు ఖాళీ ఉండాలి, ఇది గది సర్దేటప్పుడే కొలుచుకోండి, తర్వాత ఎవరూ బీరువాలు కదపరు.

సాయానికి వచ్చే తల్లిదండ్రులకి ఏం చెప్తారు?

ఒకటే చెప్తాను, "ఇది నీకు కాదు" అనే మాట నోటి నుంచి రానివ్వొద్దని. కార్ల పుస్తకం తీసిన అమ్మాయితోనూ, వంటల పుస్తకం తీసిన అబ్బాయితోనూ అనకండి. "మార్కులకి పనికొస్తుందా" అని కూడా. మీ అబ్బాయి క్లాసు వచ్చినప్పుడు మీరు పక్క గదిలో స్టిక్కర్లు అంటిస్తే ఇంకా మంచిది, మిమ్మల్ని చూస్తూ వాడు పుస్తకం తీయడు.

మా బడిలో లైబ్రరీ గదే లేదు, ఒక బీరువా ఉంది, దానికి తాళం.

నేను చదువుకున్న బడిలోనూ అంతే. తాళంచెవి హెడ్‌మాస్టర్ గారి దగ్గర, పుస్తకాలు పోతాయని భయం. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు లైబ్రరీ సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు వాడుకోవడానికి అని. నాలుగోది చదివేవాళ్ళ టైం వృథా చేయొద్దని. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12నే మనం లైబ్రేరియన్ల దినం చేసి, దండ వేసి, బీరువాకి తాళం వేస్తాం.

బీరువాని ఏమీ చేయలేకపోతే అందులోంచి నలభై పుస్తకాలు తీసి క్లాసులో ఒక సంచిలో పెట్టండి. రెండు వారాలకోసారి పక్క క్లాసు సంచితో మార్చుకోండి. నలభైలో ఏడాదికి ఐదో ఆరో పోతాయి, చిరిగిపోతాయి. చిరిగినవి చదివినవే.

బయట పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళొచ్చు?

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, 1891లో మొదలైన పాత ఆసఫియా లైబ్రరీ అదే. పుస్తకాల సంగతి తర్వాత, ఆ భవనం ఎత్తు చూసే పిల్లలు నోరు తెరుస్తారు. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది, కొమర్రాజు లక్ష్మణరావు లాంటివాళ్ళు నిజాం రాజ్యంలో తెలుగు చదువు కోసం పెట్టినది, మూడు నాలుగు తరగతుల పిల్లలకి ఆ కథ చెప్తూ తీసుకెళ్ళండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ పోటీ పరీక్షలకి చదివేవాళ్ళతో నిండి ఉంటుంది, చిన్నపిల్లలతో వెళ్తే గుసగుసలాడటానికి కూడా భయమేస్తుంది.

కొనడానికైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది, బేరం ఆడటం వస్తే. తెలుగు బొమ్మల పుస్తకాలు చవగ్గా కావాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్‌వీ, సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థవీ చూడండి, డిసెంబర్‌లో జరిగే బుక్ ఫెయిర్‌లో ఇద్దరూ దొరుకుతారు. ఆ నెల పిల్లల చేతికే వంద రూపాయలిచ్చి లైబ్రరీకి ఒక పుస్తకం కొని తెమ్మనండి. వాళ్ళు తెచ్చినదాన్ని వాళ్ళే అందరికీ వెతికిపెడుతుంటారు, మీకు పని తగ్గుతుంది.

ఎంత వెతికినా ఏదీ నచ్చలేదని ఖాళీ చేతులతో వెళ్తానంటే?

వెళ్ళనివ్వండి. పుస్తకం తీసుకోవాల్సిందే అన్న రూలు మా దగ్గర ఉండేది, తీసేశాను. నాలుగో తరగతిలో ఒకబ్బాయి వరసగా ఐదు వారాలు ఏమీ తీసుకోలేదు, ప్రతిసారీ అరల మధ్య తిరిగి, అట్టముక్క తిరిగిచ్చి వెళ్ళిపోయేవాడు. ఆరో వారం వచ్చి, "మేడం, మీ పాముల బుక్కులు రెండు తప్పు చోట ఉన్నయ్, పెట్టేసిన" అన్నాడు. నేను వెళ్ళి చూశాను, 597.96, సరిగ్గానే పెట్టాడు.